సంక్రాంతి తుమ్ములు, ప్రసాదంలో జీడిపప్పు: అలర్జీ దేనివల్లో తెలుసుకోవడం ఎలా?

ఈ సంచిక మీ చేతికి అందేసరికి ధనుర్మాసం నడుస్తూ ఉంటుంది. తెల్లవారుజామున తిరుప్పావై పారాయణానికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో టిష్యూ ఉంటాయి. అడిగితే "చలికి జలుబు చేసిందండీ" అంటారు. మన సెంట్రల్ టెక్సాస్‌లో ఈ నెలల్లో వచ్చే తుమ్ముల్లో చాలావాటికి చలితో సంబంధం లేదు. కారణం చెట్టు.

ఆస్టిన్‌కు పడమర కొండల నిండా ఉండే ఆష్ జూనిపర్‌ను ఇక్కడివాళ్ళు మౌంటెన్ సీడర్ అంటారు. వీటిలో మగచెట్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పుప్పొడి వదులుతాయి. ఉధృతి జనవరిలో, అంటే సరిగ్గా మన సంక్రాంతికి. పొడిగాలి వీచిన రోజున చెట్టును ఊపితే పొగలా లేస్తుంది. దీనివల్ల వచ్చే బాధకు 'సీడర్ ఫీవర్' అని పేరుందిగానీ ఇందులో మామూలుగా జ్వరం ఉండదు. ఒళ్ళు కాలుతుంటే అది వేరే జబ్బు, డాక్టరుకు చూపించాలి. మామూలు జలుబు వారం పది రోజుల్లో పోతుంది. అలర్జీ వారాల తరబడి సాగుతుంది, ముక్కునుంచి నీళ్ళలా కారుతుంది, కళ్ళూ ముక్కూ దురద పెడతాయి. ఆ దురదే అన్నిటికంటే మంచి గుర్తు.

"ఇండియాలో ఉన్నన్నాళ్ళూ మాకు ఇలాంటివేమీ లేవు" అనే మాట కొత్తగా వచ్చిన కుటుంబాల నుంచి తరచూ వింటుంటాం. అది నిజమే కావచ్చు. అలర్జీ మొదటిసారే రాదు. శరీరం ఆ పదార్థాన్ని ముందు చూడాలి, శత్రువని పొరబడాలి, దాని కోసం ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసుకోవాలి. ఆ తర్వాత మళ్ళీ ఎదురైనప్పుడు గొడవ మొదలవుతుంది. అందుకే మొదటి చలికాలం హాయిగా గడిచినవాళ్ళు కూడా మూడో చలికాలంలోనో నాలుగోదాంట్లోనో తుమ్మడం మొదలుపెడతారు.

ఇక్కడి పుప్పొడి కాలాలను పండుగలతో గుర్తుపెట్టుకోవడం సులువు. సంక్రాంతికి సీడర్. ఉగాది, శ్రీరామనవమి రోజుల్లో ఓక్. కార్ల మీద పసుపు చల్లినట్టు పడేది అదే. వినాయక చవితి నుంచి దీపావళి దాకా రాగ్‌వీడ్. ఈ చివరిది మనకు పూర్తిగా కొత్తది కాదు. మన ఊళ్ళల్లో రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ దీని కుటుంబానికి చెందినదే. అక్కడ వయ్యారిభామ పడనివాళ్ళకు ఇక్కడ రాగ్‌వీడ్ కూడా పడకపోవచ్చు. పరుపుల్లో, కార్పెట్లలో ఉండే డస్ట్ మైట్లకూ, తేమకు పట్టే బూజుకూ మాత్రం పండుగలతో పనిలేదు, అవి ఏడాది పొడుగునా ఉంటాయి.

మరి మీకు పడనిది వీటిలో ఏది? మా వాలంటీర్లలో సగానికి పైగా సాఫ్ట్‌వేర్ వాళ్ళమే కాబట్టి, తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ఆఫీసులో చేసే పనే ఇక్కడా చెబుతాం: ముందు లాగ్ రాయండి. ఫోన్‌లో రాసుకున్నా సరే, ఫ్రిజ్ మీద అంటించిన కాగితమైనా సరే. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడున్నారు, అంతకు ముందు రెండు గంటల్లో ఏం తిన్నారు, ఏ బాధ వచ్చింది, ఏ మందు వేసుకున్నారు. రెండు మూడు వారాలు రాస్తే చాలాసార్లు దారి కనిపిస్తుంది. పొద్దున నిద్రలేవగానే మంచం మీదే తుమ్ములు వస్తే పరుపును అనుమానించండి. బయట గడ్డి కోసిన రోజున వస్తే బయటిదాన్ని. గుళ్ళో హారతి సమయంలోనే దగ్గు వస్తే అది సాంబ్రాణి, అగరుబత్తి పొగ వల్ల కావచ్చు. నిజానికి పొగది అలర్జీ కాదు, ముక్కునూ గొంతునూ మండించడం మాత్రమే. అయినా ఆస్తమా ఉన్నవాళ్ళకు అదే చాలు. అలాంటివాళ్ళు తలుపు దగ్గర నిలబడి దర్శనం చేసుకున్నా స్వామికి కనబడతారు.

ఒకేసారి రెండు మార్పులు చేయకండి. పాలు మానేసి, దిండు మార్చి, మందు మొదలుపెట్టి, "తగ్గింది" అంటే ఏది తగ్గించిందో ఎవరికీ తెలియదు. పిల్లలకు పాలో, పప్పులో శాశ్వతంగా మాన్పించేస్తాం.

ఈ లాగ్ పట్టుకుని అలర్జీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చర్మం మీద చిన్న గీత గీసి చూసే పరీక్ష, రక్తంలో ఐజీఈ పరీక్ష ఉన్నాయి. చర్మపరీక్షకు కొన్ని రోజుల ముందే జిర్టెక్, అల్లెగ్రా వంటి మాత్రలు ఆపమంటారు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పరీక్షలో 'పాజిటివ్' అంటే అలర్జీ ఉన్నట్టే కాదు. శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే అర్థం. ఏ బాధా లేకుండా రోజూ తింటున్న వస్తువు పాజిటివ్ వచ్చిందని మానేయకూడదు. నలభై యాభై ఆహారాలకు ఒకేసారి చేసే పరీక్షల వల్ల ఇలాంటి తప్పుడు అనుమానాలే ఎక్కువ పుడతాయి. శాకాహార కుటుంబంలో పిల్లవాడికి పాలు, శనగలు, జీడిపప్పు, గోధుమ ఒక్క కాగితం చూసి మాన్పిస్తే ఇక వాడికి ప్రోటీన్ ఎక్కడినుంచి వస్తుంది? అనుమానం తీరకపోతే డాక్టరు తన క్లినిక్‌లోనే కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఆ ప్రయోగం ఇంట్లో చేయవద్దు.

తిండి అలర్జీ వేరు, తిండి పడకపోవడం వేరు. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్ళకు లాక్టోజ్ అరగదు, అంతే. పాల అలర్జీ అంటే పాలలోని ప్రోటీన్ మీద శరీరం తిరగబడటం. మొదటివాళ్ళు నెయ్యి వేసిన చక్కెర పొంగలి నిశ్చింతగా తినవచ్చు. రెండోవాళ్ళు తినకూడదు, ఎందుకంటే ఎంత కాచినా నెయ్యిలో పాల ప్రోటీన్ కాస్త మిగిలే ఉంటుంది.

ప్రసాదం సంగతి

అమెరికా చట్టం ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాలనే ముఖ్య అలర్జీ పదార్థాలు తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, జీడిపప్పు బాదం వంటి చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు. నువ్వులు ఈ జాబితాలోకి 2023 జనవరి 1 నుంచే వచ్చాయి. కొబ్బరిని చెట్టు గింజల్లోంచి 2025 జనవరిలో తీసేశారు. ఇదంతా ప్యాకెట్లకే. విస్తరాకులో పెట్టే పులిహోర మీద లేబులుండదు. పైగా మన వంటింట్లో ఎక్కువగా వాడే శనగపిండి, ఆవాలు ఆ తొమ్మిదిలో లేవు. వాటికీ అలర్జీ ఉన్నవాళ్ళు మనలో ఉన్నారు.

మన ప్రసాదాల్ని ఈ కళ్ళతో చూడండి. పులిహోరలో వేరుశనగ గుళ్ళు కనిపిస్తాయి, ఇంగువలో ఉన్నది కనిపించదు. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలా రకాలకు మైదానో గోధుమ పిండో కలుపుతారు. "అన్నమే కదా, గోధుమ ఎక్కడిది?" అనుకుంటే పొరపాటు. వరిపిండి కలిపిన రకాలూ ఉన్నాయి, డబ్బా వెనక చదవాలి. దద్ధ్యోజనంలో పెరుగు, ఆవాలు. రవ్వకేసరిలో గోధుమ, నెయ్యి, జీడిపప్పు. లడ్డూలో శనగపిండి, జీడిపప్పు. సంక్రాంతికి చిమ్మిలి, అరిసెలు అంటే నువ్వులు. పైన చల్లిన జీడిపప్పును ఏరేసి తినవచ్చనుకుంటారు కొందరు; నేతిలో వేయించినప్పుడే ఆ ప్రోటీన్ నేతిలోకి దిగిపోతుంది. జీడిపప్పు పడనివాళ్ళలో ఎక్కువమందికి పిస్తా కూడా పడదు, రెండూ ఒకే కుటుంబం. (మామిడి కూడా వీటి చుట్టమే. పాయిజన్ ఐవీ తగిలి దద్దుర్లు వచ్చినవాళ్ళకు ఒక్కోసారి మామిడి తొక్క తగిలి పెదాలు వాచేది ఆ చుట్టరికం వల్లే. పండు కోసి, తొక్క తీసి పెడితే చాలామందికి ఇబ్బంది ఉండదు.)

కౌంటరు దగ్గర ఒక తల్లి "ఇందులో జీడిపప్పు ఉందా అండీ?" అని అడుగుతుంది. "లేదనుకుంటా అమ్మా" అనేది జవాబు కాదు. వండినవాళ్ళకు తెలిసి ఉండాలి, లేదా "తెలియదమ్మా, పెట్టవద్దు" అనాలి. వేరే గరిటె వాడారా, అదే నూనెలో అంతకుముందు ఏం వేయించారు అన్నవి కూడా ప్రశ్నలే. చేతులకు శానిటైజర్ రాసుకుంటే వేరుశనగ ప్రోటీన్ పోదు. సబ్బుతో కడగాలి, లేకపోతే తడి వైప్‌తో తుడవాలి.

ఇక పెద్దవాళ్ళతో ఒక మాట. అమ్మమ్మలకూ తాతయ్యలకూ ప్రసాదం కాదంటే మనసు చివుక్కుమంటుంది, "స్వామి ప్రసాదం ఏం చేస్తుంది, ఒక్క మెతుకు పెట్టు" అంటారు. ఆ ప్రేమ మాకు తెలుసు. కానీ అలర్జీ తీవ్రంగా ఉన్న పిల్లకు ఆ ఒక్క మెతుకే ఎక్కువ. ప్రసాదాన్ని కాదనకుండా ఉండే మార్గం మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. మూతపెట్టిన డబ్బానో పొట్లాన్నో బిడ్డ కళ్ళకద్దుకుని నాన్న చేతికిస్తుంది, నాన్న తింటాడు. బిడ్డకు తీర్థం బదులు మంచినీళ్ళు, ఒక అరటిపండు. అరటిపండు కూడా ప్రసాదమే.

"మా రోజుల్లో ఇవన్నీ లేవు" అన్నదానికి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదుగానీ, ఒక ముక్క తెలిసింది. 2015లో లండన్‌లో పూర్తయిన లీప్ అనే అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమానో గుడ్డు అలర్జీనో ఉన్న 640 మంది పసిపిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఏడాది లోపే వేరుశనగ అలవాటు చేశారు. ఐదేళ్ళు వచ్చేసరికి ఆ జట్టులో వేరుశనగ అలర్జీ సుమారు 80 శాతం తక్కువగా కనిపించింది. ముందు జాగ్రత్తగా పెట్టకుండా ఉండటమే మేలన్న పాత సలహా దాంతో తలకిందులైంది. ఆరో నెల అన్నప్రాశన తర్వాత బామ్మగారు అన్నిటి రుచీ కాస్త నాలుకకు చూపించడం అంత తప్పేమీ కాదన్నమాట. అయితే ఎగ్జిమా ఉన్న బిడ్డకైతే డాక్టరును అడిగాకే. పప్పు గింజలుగా ఎప్పుడూ పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది, మెత్తగా నూరి పల్చగా కలపాలి.

ప్రాణం మీదికి వస్తే

తిన్న కొన్ని నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలూ నాలుకా వాపు, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, ఆగని వాంతులు, కళ్ళు తిరగడం: వీటిలో ఊపిరికి సంబంధించినది ఏదున్నా, లేదా రెండు రకాలు కలిసి వచ్చినా అనాఫిలాక్సిస్ అనుకోవాలి. అప్పుడు ఎపినెఫ్రిన్ ఒక్కటే మందు. ఎపిపెన్ వంటి సూదిని తొడ బయటివైపు, బట్టల మీదనుంచే గుచ్చవచ్చు. వెంటనే 911కు ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తున పెట్టండి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టండి, నడిపించవద్దు. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే రెండో సూది. అందుకే ఎప్పుడూ రెండు దగ్గరుండాలి. బెనడ్రిల్ దురద తగ్గిస్తుంది, ఊపిరిని కాపాడదు. దాన్ని వేసి చూద్దామని ఆగడమే ఎక్కువ ప్రమాదం. తగ్గినట్టనిపించినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు. ఇంకో మాట: ఆ సూదిని కారులో వదిలి దర్శనానికి రాకండి. మన ఆగస్టు ఎండకు కారులో మందు పాడైపోతుంది.

తుమ్ముల దగ్గరికి వస్తే, సీడర్ రోజుల్లో కిటికీలు మూయండి, బయటినుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చండి. ముక్కులో కొట్టే ఫ్లోనేజ్ వంటి స్ప్రే చీటీ లేకుండానే దొరుకుతుంది. అది పని మొదలుపెట్టడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి తుమ్ములు రాకముందే మొదలుపెట్టినవాళ్ళకే ఎక్కువ ఉపయోగం. దుప్పట్లు వారానికోసారి 130 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడినీళ్ళలో ఉతికితే డస్ట్ మైట్లు చస్తాయి. ఇంట్లో తేమ 50 శాతం లోపు ఉంచండి. యోగా తరగతి తర్వాత చాలామంది జలనేతి గురించి అడుగుతున్నారు, మంచిదే. కానీ కుళాయి నీళ్ళతో చేయకండి. ఆ నీళ్ళు తాగడానికి బాగానే ఉన్నా, ముక్కులోకి వెళ్తే మెదడుకు ప్రాణాంతకమైన అమీబా సోకిన సందర్భాలు అమెరికాలో ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ కొనండి, లేదా నీళ్ళు కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, చల్లార్చి వాడండి.

మేము డాక్టర్లం కాదు. మీ ఇంటి సంగతి మీ డాక్టరుతోనే తేల్చుకోండి. గుడి వంటింటికి సంబంధించినంత వరకు ఈ సంక్రాంతి నుంచి ప్రతి గిన్నె ముందూ అందులో వేసిన పదార్థాల చీటీ, ఇంగువ, నూనె రకాలతో సహా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. చిమ్మిలి, అరిసెలు వేరే బల్ల మీద, వేరే చేతులతో పెడతాం. ఇంటినుంచి నైవేద్యం వండి తెచ్చేవాళ్ళు దయచేసి అదే చీటీ రాసి తీసుకురండి. ఖాళీ చీటీలు పాదరక్షల అరల పక్కనున్న బల్ల మీద ఉంటాయి. మీ పిల్లలకు డాక్టరు రాసిచ్చిన అలర్జీ ప్లాన్ ఉంటే, దాని కాపీ ఒకటి ఆదివారం బడి టీచరుకు ఇవ్వండి, సూదులు ఏ సంచిలో ఉంటాయో కూడా చూపించండి.