పెట్టె నిండిందన్నావుగా

చి.సౌ. అమ్మడికి,

మూత తీస్తే తేనెటీగలు పొంగుకొస్తున్నాయని, పిల్లలు గంతులేస్తున్నారని రాశావు. సంతోషం. కానీ కన్నేసి ఉంచాల్సింది ఇప్పుడే. మన పుట్టతేనె ఈగ ఐరోపా ఈగలా సర్దుకుపోయే రకం కాదు. ఇరుకైతే పాత రాణి సగం గుంపుని వెంటేసుకుని లేచిపోతుంది. పైన తేనె గది ఎక్కించావు, మంచిదే. అదొక్కటే చాలదు.

పూతల కాలంలో వారానికోసారి, ఎండ కాసే పొద్దుపూట పెట్టె తెరువు. చట్రం ఎత్తి అడుగు అంచు చూడు. వేరుశనగ కాయలాంటి గది కిందికి వేలాడుతుంటే అది రాణి గది. అంతకుముందే మగ ఈగల గదులు కనబడతాయి. మూత ఉబ్బెత్తుగా, నడిమధ్య సూదిబెజ్జంతో ఉంటుంది. ఆ బెజ్జాలు వెతికే పని పెద్దాడికి అప్పగించు, నీకన్నా వాడి చూపు చురుకు. గుడ్డు పెట్టాక వారం, ఎనిమిది రోజుల్లో రాణి గదికి మూత పడుతుంది. గుంపు లేచేదీ ఇంచుమించు అప్పుడే.

రాణి గదులన్నీ గిల్లేసి ఊరుకోకు, మళ్ళీ కడతాయి. పట్టుని విడదియ్యి. పాత రాణి ఉన్న చట్రం, పిల్లపురుగులున్నవి రెండు, తేనె ఉన్నదొకటి, మీదున్న ఈగలతో సహా కొత్త పెట్టెలోకి మార్చు. పాత పెట్టెలో ఏపుగా ఉన్న రాణి గది ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్యి. మేతకెళ్ళినవి పాత చోటికే తిరిగొస్తాయి గనక కొత్త పెట్టె కొన్నాళ్ళు నీరసంగా ఉంటుంది. పంచదార, నీళ్ళు సమానంగా కలిపి సాయంత్రాలు పెట్టు. పాత పెట్టెని మాత్రం మూడు వారాలు కదపకు. కొత్త రాణి బయటికెళ్ళి మగ ఈగలతో కలిసి, తిరిగొచ్చి గుడ్లు పెట్టాలి. పిల్లలు ఎంత మారాం చేసినా మూత తియ్యొద్దు.

ఆ రోజుల్లో వాళ్ళని పెట్టె గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కగా పీట వేసి కూర్చోబెట్టు. ఈగల కాళ్ళకున్న పుప్పొడి రంగు చూసి ఏ పూత మీంచి వచ్చాయో వాళ్ళనే చెప్పమను. లేతరంగు పొడుగు చేతుల చొక్కాలు వెయ్యి. అరటిపండు తింటూ మాత్రం అటు వెళ్ళనీకు. కుట్టిన ఈగ మిగతావాటిని ఉసిగొల్పే వాసనలోనూ, అరటిపండు వాసనలోనూ ఉండేది ఒకటే పదార్థం! కుడితే ముల్లు వెంటనే గోటితో గీకి తీసి, పిల్లని దూరంగా తీసుకుపో. మొహం వాచినా, ఆయాసమొచ్చినా సున్నం రాస్తూ కూర్చోక ఆసుపత్రికి పరుగెత్తు.

తేనె పై గదిలోదే పిండు, కిందిది వాటి తిండి. ఏడాది నిండని పసిబిడ్డకి ఎవరు చెప్పినా నాకించొద్దు. మొదటి సీసా పక్క చేను రైతుకి ఇచ్చిరా. పురుగుమందు ఏ రోజు కొడతాడో ముందే చెప్పమని, పూత మీద కొట్టొద్దని, తప్పకపోతే ఈగలు గూటికి చేరాక పొద్దుగూకే వేళ కొట్టమని అడుగు.

ఇట్లు,
పెదనాన్న