పది ఊపిరుల ఓరిమి

వృద్ధులకు ధైర్యము చెప్పబోవు మనలో పెక్కుమంది, వారు నోరు విప్పకమునుపే "ఈ వయస్సులో ఇవన్నియు మామూలే, రామా కృష్ణా యనుకొనుచు కూర్చుండుడు" అని పలికి, తమ కర్తవ్యము తీరినదని తృప్తిపడుదురు. అది ఓదార్చుట కాదు, నోరు మూయించుట. నా తండ్రిగారి చివరి సంవత్సరములలో నేను చేసినదియు నిదియే. ఆయన తమ చిన్ననాడు దొడ్డిలో బావి త్రవ్వించిన వృత్తాంతము నారంభింపగనే, "విన్నదే గదా, నాన్నగారూ" యని లేచిపోయెడివాడను. నిజమునకు దానిని తుదివరకు ఏనాడును విని యెరుగను.

ముదిమిలో గతమును తలపోయుట చాదస్తము కాదనియు, గడచిన జీవితమును మరల తూచి చూచుకొని సమాధానపడు సహజ ప్రయత్నమనియు అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే వ్రాసెను. నేనది చదువునాటికి నాన్నగారు లేరు. ఆ బావిలో జల పడినదో లేదో నాకు నేటికిని తెలియదు.

ఆ పశ్చాత్తాపము నాకొక అలవాటును నేర్పినది. పెద్దలయెదుట వారి యెత్తుననే కూర్చుండి, వెలుతురు నా ముఖముపై పడునట్లు చూచుకొని, ఒక్క ప్రశ్న మాత్రమే యడిగి, పిమ్మట మనస్సులో నా ఊపిరులను పదివరకు లెక్కించుదును. తలపు మాటగా రూపొందుటకు వారికి వ్యవధి కావలెను. మనము ఆ వ్యవధిని మన మాటలతో నింపివేయుదుము. వృద్ధాశ్రమమున నొక పెద్దమ్మగారు నెలల తరబడి మోకాళ్ల నొప్పులే చెప్పుచుండెను. ఒకనాడు "మీ యింట పొద్దుటిపూట ఎట్లుండెడిది?" అని యడిగి మిన్నకుంటిని. ఏడవ ఊపిరికడ ఆమె, "ఇల్లు అమ్మివేసినట్లు నాకెవరును చెప్పలేదు నాయనా" అనెను. ఆనాడు మేమా యింటి వసారాను గూర్చి, పెరటి కరివేపచెట్టును గూర్చి గంటసేపు మాటాడుకొంటిమి. ఇన్నేండ్ల యభ్యాసము తరువాతను, నాలుగవ ఊపిరికే నా నాలుక తొందరపడు దినములు కలవు. మరునాడు మరల మొదలిడుదును. మీరును అట్లే చేయుడు.

తక్కినవి క్లుప్తముగా చెప్పెదను. అరవకుడు, వయసు చెవుడు తొలుత సన్నని స్వరములనే హరించును గనుక కంఠమును మంద్రస్థాయికి దించి నిదానముగా పలుకుడు. పసిబిడ్డలతోవలె ముద్దుమాటలాడకుడు. వారి గుట్టును కొడుకు కోడళ్లయెదుట అడుగకుడు. నిద్రాహారములు తగ్గి, "ఇక నేనెందుకు" అను మాట వినవచ్చినచో, వైరాగ్యమని తోసివేయక వైద్యునికి చూపుడు. పోషణ కరవైనవారికి 2007 నాటి చట్టము క్రింద ట్రిబ్యునల్ కలదనియు, 14567 అను సహాయవాణి కలదనియు తెలుపుడు.

సెల్‌ఫోను చూచుచు తల యూపుట వినుట కాదు, యువకులారా! మీయింట పెద్దవారుండినచో, ఈ సాయంకాలమే వారి మంచముకడ కూర్చుండి, పలుమార్లు విన్నామనుకొన్న ఆ కథనే మరల చెప్పుమని కోరి, తుదివరకు వినుడు.