అంగోరా కుందేలు: మెట్టినింట కలిమి, పుట్టినింట లేమి

క్రిందటేడు జువాలజీ ప్రాక్టికల్ పరీక్షలో, వైవా సమయాన నాకెదురైన ప్రశ్న ఇది: "అంగోరా కుందేలు అంతరించిపోయే ప్రమాదంలో ఉందా?"

"లేదు సార్! మా ఊరి చేలల్లో కుందేళ్ళు బోలెడున్నాయి" అన్నాను. ఎగ్జామినర్ గారు నవ్వి ఊరుకున్నారు. ఆ ఒక్క జవాబులో మూడు తప్పులున్నాయని లైబ్రరీలో కూర్చున్నాక గాని తెలియలేదు. ఆ తప్పులే ఈ వ్యాసానికి ఆధారం.

మొదటి తప్పు: మన చేలల్లో తిరిగేది చెవులపిల్లి. అది లెపస్ ప్రజాతికి చెందినది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరిచి పుడతాయి. అంగోరాది ఒరిక్టోలేగస్ ప్రజాతి. దీని పిల్లలకు పుట్టగానే బొచ్చుండదు, చూపుండదు. అందుకే తల్లి తన బొచ్చే పీకి గూట్లో పక్క పరుస్తుంది.

రెండవ తప్పు: అంగోరా ప్రత్యేకమైన జాతి కాదు, యూరప్ కుందేలులో ఒక పెంపుడు రకం మాత్రమే. టర్కీ రాజధాని అంకారా పాతపేరే అంగోరా. వెంట్రుక పెరుగుదలను ఆపే ఒక జన్యువు (ఎఫ్.జి.ఎఫ్.5) దెబ్బతినడంతో బొచ్చు పొడుగ్గా సాగిపోతుంది. వెంట్రుక లోపల గాలి గదులుండటం చేత ఉన్ని తేలిక, వెచ్చన. సుమారు మూడు నెలలకొకసారి కత్తిరిస్తారు. మేలైన జర్మన్ కుందేలు ఏడాదికి కిలో పైగా ఇస్తుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు. నాకి మింగిన బొచ్చు కడుపులో ఉండకట్టి ప్రాణం మీదికి తెస్తుంది. కనుక కత్తిరింపు దానికీ మేలే. అయితే బ్రతికున్న కుందేలు బొచ్చును చైనాలో కొన్నిచోట్ల పీకుతున్న దృశ్యాలు 2013లో బయటపడగా, పలు దుస్తుల కంపెనీలు ఆ ఉన్నిని మానుకున్నాయి. ఎండకు ఓర్వలేదు గనుక మన దేశంలో దీన్ని కులూ లోయ వంటి చలి ప్రాంతాల్లోనే పెంచుతారు.

మూడవ తప్పే అసలైనది. ఈ జాతి పుట్టినిల్లు స్పెయిన్, పోర్చుగల్ దేశాలు. 1952లో ఫ్రాన్సులో ఒక డాక్టరు తన తోటలో కుందేళ్ళ బెడద వదిలించుకోవాలని మిక్సొమటోసిస్ వైరస్‌ను వదిలాడు. అది యూరప్ అంతటా ప్రాకింది. 1984లో చైనాలో మరో రక్తస్రావ వ్యాధి బయటపడింది. ఎక్కడనుకున్నారు? జర్మనీ నుంచి తెచ్చిన అంగోరా కుందేళ్ళలోనే! కొద్ది ఏళ్ళలోనే అది స్పెయిన్ చేరింది. 2010 తర్వాత దాని కొత్త రూపం మళ్ళీ విజృంభించింది. చివరకు 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ అడవి కుందేలును ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. దీన్నే తిని బ్రతికే ఐబీరియన్ లింక్స్ అనే అడవిపిల్లికీ దీనితోపాటే గడ్డుకాలం వచ్చింది.

పంజరాల్లో లక్షలుంటే జాతి క్షేమమనుకోవడం పొరపాటు. ఆ ప్రశ్న మళ్ళీ అడిగితే నా జవాబు సిద్ధంగా ఉంది: "మెట్టినింట మనిషి అండ ఉంది సార్. ముప్పల్లా పుట్టినింటికే!"