సంచి సర్దేముందు దారి సర్దుకోండి

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 27 ఏళ్లు. రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతాను, ఏ జబ్బూ లేదు. జూలైలో వీపున సంచి తగిలించుకుని ఒక్కడినే బొలీవియా వెళ్తున్నాను. విమానం నేరుగా లాపాజ్‌కి, మర్నాడే బస్సులో ఉయుని ఉప్పు మైదానానికి. ఎత్తుకి తల తిరిగితే కోకా టీ తాగితే చాలంటున్నారు. నిజమేనా?
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ధీమా చూస్తే చాలా ఏళ్ల కిందటి నేను గుర్తొచ్చాను. లాపాజ్ విమానాశ్రయం ఉన్నది ఎల్ ఆల్తోలో, నాలుగు వేల మీటర్లకు పైన. దిగగానే సంచితో బస మూడో అంతస్తుకి గబగబా ఎక్కేశాను. ఆ రాత్రి తలలో రోకలిపోటు, వాంతి, నిద్ర లేదు. డాక్టర్నై ఉండి కూడా ప్రయాణ బడలిక అనుకున్నాను! బస నడిపే పెద్దావిడ మాత్రం నా మొహం చూసి ‘సొరోచే’ అని ఒక్క మాటతో తేల్చేసింది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి అక్కడి పేరది.

పరుగు అలవాటు దీన్ని ఆపదు. పైగా ఒళ్లు సహకరిస్తుందని కుర్రాళ్లు తొందరగా ఎక్కేసి ఎక్కువ బాధపడతారు. అంత ఎత్తున గాలి ఒత్తిడి తగ్గి, ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మనకి ఇక్కడ దొరికేదాంట్లో సుమారు మూడింట రెండొంతులే. దాంతో శ్వాస వేగం పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు మెదడు శ్వాసకి కళ్లెం వేస్తుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఉలిక్కిపడి లేవడం అందుకే. ఆ క్షారాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి, దానికి రోజులు పడుతుంది. ఎసిటజోలమైడ్ మాత్ర ఆ పనినే తొందరపెడుతుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. మీ డాక్టరు రాస్తేనే వాడండి, సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా చప్పగా అనిపిస్తుంది, కంగారు పడకండి.

కోకా టీ వెచ్చగా హాయిగా ఉంటుంది, అక్కడ చట్టబద్ధమే. దాన్ని మందుగా మాత్రం నమ్ముకోవద్దు.

మాత్ర కన్నా నేను గట్టిగా చెప్పేది టికెట్ మార్చుకోమని. పల్లంలో ఉన్న శాంతాక్రూజ్‌లో దిగండి. అక్కడి నుంచి 2,800 మీటర్ల ఎత్తున్న సుక్రే వెళ్లి రెండు మూడు రాత్రులు ఉండండి. ఆ తర్వాతే 3,650 మీటర్ల ఉయుని, చివర్లో లాపాజ్. ఉయుని నుంచి జీపుల్లో తిప్పే యాత్రల్లో ఎర్ర సరస్సు లగునా కొలొరాడా వైపు 4,200 మీటర్లు దాటిన చోట పడుకోబెడతారు. దాన్ని మొదటి వారంలో పెట్టుకోకండి. కొత్తలో మద్యం, నిద్రమాత్రలు వద్దు. జూలై అక్కడ చలికాలం, రాత్రి చలి సున్నా కిందికి పోతుంది. పగలు తెల్లటి ఉప్పు మీది వెలుగు కళ్లని మాడ్చేస్తుంది కాబట్టి నల్ల కళ్లద్దాలు తప్పనిసరి.

తలనొప్పి ఉంటే ఇంకా పైకి ఎక్కకండి. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగకుండా కిందికి దిగి ఆసుపత్రికి వెళ్లాలి. ఒంటరిగా వెళ్తున్నారు కదా, తూలుతున్న మనిషికి తాను తూలుతున్నట్టు తెలియదు. పక్క మంచం మీదున్న అపరిచితుడికైనా ఈ గుర్తులు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: ఎల్లో ఫీవర్ టీకా తప్పదా? నేను అడవి వైపు వెళ్లను. (అదే పాఠకుడు)

జవాబు: ఎల్లో ఫీవర్ దోమల బెడద అడవికే పరిమితం కాదు, ఆండీస్ పర్వతాలకి తూర్పునున్న పల్లపు ప్రాంతాలన్నిటా ఉంది; మీరు దిగే శాంతాక్రూజ్ కూడా అందులోదే. పైగా బొలీవియా నుంచి తిరిగొచ్చేవారిని మన విమానాశ్రయంలో టీకా పత్రం అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. పత్రం చెల్లుబాటయ్యేది టీకా వేసిన పది రోజులకి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనే వేయించుకోవాలి; హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. వచ్చేటప్పుడు ఉప్పు రాళ్లు ఎన్ని తెచ్చుకున్నా సరే, కోకా ఆకులు, ఆ టీ పొట్లాలు మాత్రం సంచిలో ఉండకూడదు. మన చట్టంలో కోకా ఆకు మాదకద్రవ్యమే.