అతిశీతలంలో సంయుక్త పదార్థాలు

రాకెట్టు పైదశలో తగ్గించగలిగిన ప్రతి కిలో బరువూ ఉపగ్రహం బరువును ఆ మేరకు పెంచుకొనే వీలు కల్పిస్తుంది. అందుకే ఇంధనపు ట్యాంకులను లోహానికి బదులు కాంపోజిట్లనబడే సంయుక్త పదార్థాలతో నిర్మించాలని ఇంజనీర్లు చిరకాలంగా కృషి చేస్తున్నారు. కార్బన్ పోగులను ఎపాక్సీ రెజిన్‌తో బంధించి చేసిన పదార్థం అల్యూమినియం కంటె తేలిక, బలంలోనూ తీసిపోదు. కాని ద్రవ హైడ్రోజన్ మరిగేది మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ వద్ద. అంతటి చలిని ఈ పదార్థం ఎట్లా తట్టుకొంటుందన్నదే ప్రశ్న.

చల్లబడిన పదార్థాలు సాధారణంగా సంకోచిస్తాయి. అయితే కార్బన్ పోగు తన పొడవునా దాదాపు సంకోచించదు. రెజిన్ మాత్రం గణనీయంగా సంకోచిస్తుంది. రెండూ అంటిపెట్టుకొని ఉన్నందువల్ల రెజిన్ సంకోచాన్ని పోగులు అడ్డగిస్తాయి. పొరలను వేర్వేరు దిశలలో పేర్చుతారు గనుక ఒక పొరను పక్క పొర కూడా నిరోధిస్తుంది. సుమారు 180 డిగ్రీల వేడిమిలో గట్టిపరచిన రెజిన్, ద్రవ హైడ్రోజన్ నింపేసరికి 430 డిగ్రీలకు పైగా చల్లబడుతుంది, పైగా పెళుసవుతుంది. ఫలితంగా, బయటి భారమేదీ లేకుండానే పొరలలో సూక్ష్మమైన పగుళ్ళు ఏర్పడవచ్చు. పోగులు తెగవు గనుక బలం పెద్దగా తగ్గదు. కాని ఒక పొరలోని పగులు పక్క పొరలోని పగులుతో కలిస్తే హైడ్రోజన్‌కు దారి ఏర్పడుతుంది.

అమెరికాలో ఎక్స్-33 వాహనానికై నిర్మించిన ట్యాంకు విషయంలో ఇదే జరిగింది. దాని గోడలో రెండు కాంపోజిట్ పలకల నడుమ తేనెపట్టువంటి గదుల అమరిక ఉండేది. 1999 నవంబరులో నాసా వారి మార్షల్ కేంద్రంలో పరీక్షించినపుడు, లోపలి పలక పగుళ్ళగుండా హైడ్రోజన్ ఆ గదులలోకి చేరింది. ట్యాంకును ఖాళీ చేసిన పిదప గోడ వేడెక్కడంతో లోపల పీడనం పెరిగింది. అతుకు కూడా ఆశించినంత దృఢంగా లేనందున పలక ఊడిపోయింది. 2001లో ఆ పథకం రద్దయింది.

పరిశోధన అంతటితో ఆగలేదు. పొర పలుచనైన కొలదీ పగులు ఏర్పడడం కష్టమవుతుంది. పలుచని పొరలను వినియోగించి బోయింగ్ సంస్థ నిర్మించిన 5.5 మీటర్ల వ్యాసంగల ట్యాంకును 2014లో మార్షల్ కేంద్రంలోనే ద్రవ హైడ్రోజన్‌తో పరీక్షించారు.

అదే సంవత్సరం జనవరి 5న శ్రీహరికోట నుండి జి.ఎస్.ఎల్.వి.-డి5 మన స్వదేశీ క్రయోజెనిక్ దశతో విజయవంతంగా ఎగిరింది. ఆ దశలోని ట్యాంకులు అల్యూమినియం మిశ్రలోహంతో చేసినవి. ఆ లోహం అతిశీతలంలోనూ పెళుసుబారదు. దాని స్థానంలో కాంపోజిట్‌ను ఎన్నుకోవాలంటే బలమెంత అని మాత్రమే గాక, పలుమార్లు చల్లబడి వేడెక్కిన తరువాత కూడా వాయువును బయటికి పోనీయకుండా నిలుపగలదా అని పరీక్షించవలసి ఉంటుంది.