నురుగునీటిపై దోనె

కొండలనుండి దిగు నది యంతటను ఒకే తీరున ప్రవహింపదు. వాలు హెచ్చి బండరాళ్లు అడ్డు తగిలినచోట నీరు పగిలి, గాలితో కలిసి, నురుగు గట్టి తెల్లగా కనబడును. అట్టి నీటిపై చిన్న దోనెను నడుపుట నేడు అనేక దేశములలో ప్రసిద్ధమైన క్రీడ.

ఇందు రెండు విధములగు దోనెలు కలవు. కయాక్‌లో ఆటగాడు కాళ్లు చాచి కూర్చుండి, రెండు కొనలను రెక్కలుగల తెడ్డుతో నడుపును. కెనూలో మోకాళ్లపై నుండి, ఒక కొననే రెక్కగల తెడ్డును వాడును. ప్రవాహముపై జంటలుగా వ్రేలాడు కఱ్ఱలే ద్వారములు. ఆకుపచ్చ చారల ద్వారమును ప్రవాహముతో దిగుచు, ఎఱ్ఱచారల ద్వారమును ప్రవాహమునకు ఎదురేగి దాటవలెను. కఱ్ఱను తాకినచో 2 సెకండ్లు, ద్వారము తప్పినచో 50 సెకండ్లు అతని కాలమునకు కలుపుదురు. తక్కువ కాలము పట్టినవాడే విజేత.

బాలలారా! ఇంత వడిగల నీటికి ఎదురేగుట యెట్లు సాధ్యము? బండకు ఇరువైపుల నీరు దూసుకొనిపోవగా, దాని వెనుక ఏర్పడిన వెలితిని పూరించుటకు కొంత నీరు ఎగువకు మరలును. నేర్పరి ఆ ఎదురునీటిలో దోనెముక్కును జొనిపి, దాని బలముతోడనే పైకి సాగును. నీటితో పెనగులాడువాడు అలసిపోవును. నీటి పోకడ నెఱిగినవాడు గట్టెక్కును.

1972 సంవత్సరపు మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో ఈ పోటీ తొలిసారి జరిగినది. దానికి వేదిక ఆగ్స్‌బర్గ్ నగరమందలి ఐస్‌కనాల్ అను కాలువ. లెఖ్ నదిలోని మంచుగడ్డలను మళ్లించుటకు పూర్వము త్రవ్విన కాలువనే క్రీడకు అనువుగా మార్చిరి. తూర్పు జర్మనీవారు దానిని బోలిన కాలువను స్వదేశమున నిర్మించుకొని, అభ్యసించి, నాలుగు స్వర్ణపతకములను గెలిచిరి. మరల 1992లో బార్సెలోనా క్రీడలలోగాని ఈ పోటీ జరుగలేదు.

ఈ క్రీడయందు ప్రాణభయము కలదు. నదికి అడ్డముగా కట్టిన చిన్న ఆనకట్ట ఎగువనుండి చూచువారికి శాంతముగా తోచును. కాని దాని దిగువన నీరు గిరగిర తిరుగుచు, చిక్కినవానిని విడువక ముంచును. పరుగెత్తు నీటిలో పడినవాడు నిలబడ యత్నింపరాదు. పాదము రాళ్లసందున చిక్కినచో ప్రవాహమతనిని ముందునకు పడద్రోయును. వెల్లకిల తేలుచు, పాదములను దిగువవైపు పైకెత్తి, ఒడ్డు చేరుకొనవలెను.

కావుననే అనుభవజ్ఞులు శిరస్త్రాణమును, తేలుడు చొక్కాను ధరింతురు. ఒంటరిగా నదిలో దిగరు. ముందుగా గట్టువెంట నడచి నీటిని పరికింతురు. తమ శక్తికి మించినదని తోచినచో దోనెను భుజమున వేసికొని గట్టుమీదుగా దాటుదురు. దానిని పిరికితనమని యెవరును నవ్వరు.