పొత్తు సేద్యం: ఏరువాకకు ముందే కాగితం రాసుకోండి

రోహిణి కార్తె నడుస్తోంది. దుక్కులు దున్ని, పశువుల ఎరువు తోలుకుని, విత్తనాల కోసం తిరిగే రోజులివి. ఊళ్లలో పొత్తులు కుదిరేదీ ఇప్పుడే. ఒకరికి భూమి ఉంటుంది, చేతిలో డబ్బుండదు. ఇంకొకరికి పట్నంలో పనిచేసి దాచుకున్న సొమ్ముంటుంది, సెంటు భూమి ఉండదు. మూడో ఆయనకు ట్రాక్టరు ఉంటుంది. మిర్చో పత్తో కలిసి వేద్దామని అరుగు మీద మాట అనుకుంటారు. ఒప్పందం అయిపోయిందనుకుంటారు. చట్టం దృష్టిలోనూ అయిపోయినట్టే, ఎందుకంటే భాగస్వామ్యానికి రాతకోతలు తప్పనిసరి కాదు. చిక్కు అక్కడే ఉంది. మీరు తేల్చుకోకుండా వదిలేసిన ప్రతి విషయాన్నీ 1932 నాటి భాగస్వామ్య చట్టమే తేలుస్తుంది. అది మీ మనసులో ఉన్నదానికి పూర్తిగా ఎదురు కావచ్చు.

ఒక లెక్క చూడండి. ఇద్దరు కలిసి మిర్చి వేశారనుకుందాం. ఒకాయన 3 లక్షలు పెట్టాడు. రెండో ఆయన లక్ష పెట్టి, నారు పోసిన రోజు నుంచి కల్లంలో కాయ ఎండేదాకా చేలోనే ఉన్నాడు. మందు కొట్టించడం, కోతకు కూలీలను పిలుచుకురావడం, రాత్రి కరెంటు వచ్చినప్పుడు నీళ్లు కట్టడం అన్నీ ఆయనవే. ధర పడిపోయి సరుకు 5 లక్షలకే పోయింది. మందుల కొట్టులో లక్షన్నర బాకీ ఉంది. చట్టప్రకారం ముందు బయటివాళ్ల బాకీ తీర్చాలి. తీర్చాక మిగిలింది మూడున్నర లక్షలు. పెట్టుబడి 4 లక్షలు కనుక నష్టం 50 వేలు. వాటాలు మాట్లాడుకోలేదు కాబట్టి, ఎవరెంత పెట్టారన్నదానితో పని లేకుండా లాభమైనా నష్టమైనా సమానమే. తలా 25 వేలు భరించాలి. మొదటి ఆయన చేతికి 2 లక్షల 75 వేలు, రెండో ఆయన చేతికి 75 వేలు వస్తాయి. సీజనంతా చేలో నిలబడ్డ మనిషి కష్టానికి పైసా లేదు. వేరే ఒప్పందం లేనప్పుడు పని చూసిన భాగస్వామి జీతం అడగడానికి వీల్లేదని ఆ చట్టం 13వ సెక్షన్ చెబుతోంది.

పొత్తు సేద్యంలో నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే. దీన్ని తప్పించడానికి నాలుగు పంక్తులు చాలు. చేను చూసుకునే వ్యక్తికి నెలకు ఇంత అని ఖర్చు కింద రాయండి. భూమికి ఎకరాకు ఇంత కౌలు, ట్రాక్టరుకు గంటకు ఇంత బాడుగ అని కట్టండి. ఇవన్నీ ఖర్చులో పోయాకే లాభనష్టాల వాటా లెక్కించాలని రాయండి. అప్పుడు భూమి ఇచ్చినవారు, ఒళ్లు వంచినవారు, డబ్బు పెట్టినవారు ఒకే తూకంలో తూగుతారు.

అసలు మీది భాగస్వామ్యమా, కౌలా అన్నది ముందే తేల్చుకోవాలి. పంటలో సగమో మూడో వంతో తీసుకున్నంత మాత్రాన భూమి యజమాని భాగస్వామి కాడు. భాగస్వామి అయితే మాత్రం ఉమ్మడి సేద్యం కోసం చేసిన అప్పులన్నిటికీ సొంత ఆస్తితో సహా బాధ్యుడవుతాడు. పాలు పంచుకుంటే చాలు, అప్పులతో సంబంధం వద్దు అనుకునే యజమాని కౌలు పత్రమే రాసుకోవడం మేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకుని కార్డు తీసుకోవచ్చు. ఆ కార్డు పంట మీద హక్కుకే కానీ భూమి మీద హక్కుకు కాదు కనుక పట్టాదారు భయపడనక్కర్లేదు. ఏడాదికి మించి కౌలుకిస్తే పత్రం రిజిస్టరు చేయించాలి. పాసు పుస్తకం ఇంటి ఇల్లాలి పేరున ఉంటే సంతకం ఆమే చేయాలి, భర్త చేస్తే చెల్లదు.

భాగస్వామ్యమే అనుకుంటే, భూమి ఉమ్మడి ఆస్తిలోకి రాదని, దాన్ని వాడుకునే హక్కు మాత్రమే ఇస్తున్నారని స్పష్టంగా రాయండి. బోరు సంగతి మరీ జాగ్రత్త. డబ్బు పెట్టిన వ్యక్తి మీ పొలంలో లక్షలు పోసి బోరు వేయించి, మోటారు దించి, డ్రిప్ పరిచాడు. రెండేళ్లకు పొత్తు చెడింది. మోటారు పైకి తీసుకోవచ్చు, డ్రిప్ చుట్టుకుపోవచ్చు, బోరును మోసుకుపోలేడు కదా. అలాంటప్పుడు బోరు ఖర్చులో ఏటా ఎంత కోసేయాలో, మిగిలింది ఎవరు ఎవరికి ఎన్నాళ్లలో చెల్లించాలో ముందే అంకెల్లో ఉండాలి. పట్టాదారు ఖాతాలో పడే ప్రభుత్వ సాయం ఉమ్మడి లెక్కలోకి వస్తుందా, ఆయన సొంతమా అన్నది కూడా రాయండి. ఈ-పంట నమోదు ఎవరి పేరున ఉండాలో విత్తే ముందే అనుకోండి. పంట దెబ్బతిన్నాక ఈ మాట ఎత్తితే పోట్లాటే.

అరువు విషయంలో ఒక్క భాగస్వామి సేద్యం పేరు చెప్పి తెచ్చిన ఎరువులు, మందుల బాకీకి అందరూ బాధ్యులే. 10 వేలు దాటిన అరువుకు ఇద్దరి సంతకం ఉండాలని రాసుకోండి. రాసుకోవడంతో సరిపోదు, కొట్టు యజమానికి ఆ సంగతి చెప్పి తీరాలి. ఆయనకు తెలియని షరతు ఆయన్ను కట్టడి చేయదు. సేద్యం కోసమే విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకంతో నడపండి. పద్దు పుస్తకంలో కూలి, డీజిలు ఏ రోజుకారోజు ఎక్కాలి. బిల్లులన్నీ ఒకే సంచిలో ఉండాలి. నెలకోసారి అందరూ పద్దు కింద సంతకం పెడితే చివర్లో కొత్త లెక్కలు పుట్టవు.

ఇక విడిపోవడం గురించి. కాలపరిమితి రాసుకోని పొత్తును ఏ భాగస్వామి అయినా నోటీసు ఇచ్చి రద్దు చేయవచ్చు. పూత మీద ఉన్న చేనుకు అలాంటి నోటీసు వస్తే ఏం చేస్తారు? అందుకే పొత్తు ఫలానా పంట అమ్మి లెక్క తేలేదాకా అని రాయండి. మధ్యలో తప్పుకునేవారికి పెట్టుబడి ఎప్పుడు, ఎంత తిరిగి ఇస్తారో కూడా రాయండి. చావు మాట శుభమా అని దాటేయకండి. వేరే ఒప్పందం లేకపోతే భాగస్వామి మరణంతోనే పొత్తు రద్దవుతుంది. ఉన్నదే ఇద్దరైతే, కొనసాగుతుందని రాసినా ఒక్కరితో భాగస్వామ్యం నిలవదు. చేలో ఉన్న పంటను మిగిలిన వ్యక్తి తీసి అమ్మి, ఇన్ని రోజుల్లో చనిపోయినవారి వారసులకు లెక్క అప్పజెప్పాలని ఒక వాక్యం పెట్టండి. ఆ వాక్యం లేకపోతే రెండు కుటుంబాలూ కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

రాసిన పత్రాన్ని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సంస్థగా రిజిస్టరు చేయించడం మీ ఇష్టమే. కానీ చేయించకపోతే, సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన వ్యాపారి మీద సంస్థ పేరున దావా వేయలేరు. మీలో మీకు తగువు వచ్చినా, రద్దు చేసి లెక్క తేల్చమని తప్ప ఒప్పందం అమలు చేయించమని కోర్టును అడగలేరు. తోటలు, పాలీహౌసులు వంటి ఏళ్ల తరబడి సాగే పొత్తులకు రిజిస్ట్రేషన్ చేయించి తీరాలని నా సలహా. ఒక్క సీజను పత్తికి స్టాంపు కాగితం మీద ఒప్పందం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. పది మందికి పైగా రైతులు కలిసేట్టయితే భాగస్వామ్యం కంటే ఉత్పత్తిదారుల కంపెనీ మంచిది. అందులో సభ్యుడి బాధ్యత వాటా వరకే.

లాయరు ఫీజుకు వెనకాడేవారు మండల న్యాయ సేవా కమిటీకి వెళ్లండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితికి లోబడి ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మృగశిరలో వానలు పడ్డాక ఎవరికీ తీరిక దొరకదు. ఈ వారంలోనే కూర్చుని రాసుకోండి.